నేల, నీరు, మనుష్యుడు
(రైతుల సభలో చదివిన ఉపన్యాసము)



భూగోళ శాస్త్రమనగానే మీలో పలువురకు బడిలో బెత్తమునకు వెఱచి వల్లించిన నదుల పేర్లును, పట్టణముల పేర్లును జ్ఞప్తికి వచ్చును. ఆ పేర్లు శాస్త్రమునకు గుమ్మము మాత్రమే. ఒకచోటి నేల, నీరు, గాలి అచ్చటి మనుష్యుల బ్రతుకును ఎట్లు మలచినవి, ఆ మనుష్యులు తిరిగి ఆ చోటును ఎట్లు మార్చిరి అని విచారించుటయే భూగోళ శాస్త్రము.

రెవిన్యూ శాఖలో పాత ఉర్దూ కాగితములను తెలుగు చేయుట నా వృత్తి. ఆ కాగితములలో భూమి తరి యనియో ఖుష్కీ యనియో వ్రాసియుండును. శిస్తు కొఱకు వ్రాసిన ఆ ఒక్క మాటలో మీ పొలము యొక్క భూగోళము ఇమిడి యున్నది. అది తరి యేల అయినది, ప్రక్కది ఖుష్కీ యేల అయినది అను ప్రశ్నతోనే మన పాఠము ప్రారంభమగును.

మన తెలంగాణము దక్కను పీఠభూమిలోనిది. ఈ పీఠభూమి పడమట ఎత్తై తూర్పునకు వాలియున్నది. అందుచేతనే గోదావరి పడమటి సముద్రమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున, నాసిక్ చెంత త్ర్యంబకములో పుట్టియు, ఆ సముద్రమును విడిచి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. నైరుతి ఋతుపవనముల మేఘములు పడమటి కనుమలకు తగిలి అచ్చటనే అధికముగా వర్షించును. మనకు దక్కు వానలో చాల భాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు నాలుగు మాసములలోనే కురిసిపోవును. తక్కిన ఎనిమిది మాసములకు నీరెట్లు? ఇదియే మన పూర్వుల యెదుట నిలిచిన చిక్కు.

నల్లరేగడి తేమను పట్టి యుంచును గనుక, వానలు వెనుదీసిన పిదపయు జొన్న పండును. గుట్టల రాయి చివికి ఏర్పడిన ఎఱ్ఱ చల్క త్వరలో ఆరిపోవును. అయినను ఆ గుట్టలే మేలు కూడ చేసినవి. రెండు గుట్టల నడుమ పల్లమునకు అడ్డముగా కట్ట వేసిన చాలును, వాన నీరు చెరువై నిలుచును. 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని కాలములో పాఖాల, రామప్ప చెరువులు ఇట్లే వెలసినవి. నేలలోని కొఱతను నేల యొక్క వాలుతోనే తీర్చుకొనిరి.

అయితే చెరువు ఏ ఒక్క గ్రామము సొత్తును కాదు. మీది చెరువు అలుగు పాఱిన నీరు దిగువ చెరువును నింపును. మీది కట్ట తెగిన దిగువ కట్టయు నిలువదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి హైదరాబాదు నగరమున వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ నదికి నీరు చేరు ప్రదేశములో 788 చెరువులుండగా 221 తెగినవి. కుండపోత వానకు తెగిన కట్టల నీరు తోడై వఱదను పెంచెను. ఆ పిమ్మట వఱదల నివారణ మార్గములను మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు సూచింపగా, 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును ముగిసినవి.

కాబట్టి మీకు నా మనవి. రెండు మళ్లు అధికముగా తడుపుకొనుటకై అలుగుపై రాళ్లును మట్టియు పేర్చి నీటిమట్టమును పెంచకుడు. ఆ పని కట్టకు మృత్యువు. చెరువు శిఖమును దున్ని ఆక్రమింపకుడు. తగ్గిన ఆ చోటి నీరు మఱియొకచోట మీద పడును. వానలకు ముందే నీరు వచ్చు కాలువలను బాగు చేసికొనుడు. కట్టలోని ఎలుక బొరియలను మూయుడు. వేసవిలో పూడికమట్టిని తీసి చల్కలకు తోలుకొనుడు. చెరువు లోతగును, చేను బలియును.

మన చెరువునకు నీరెచ్చటినుండి వచ్చుచున్నది, అలుగు దాటి యే గ్రామమునకు పోవుచున్నది? ఈ రెండు సంగతులను కట్టమీద నిలిచి మీ బిడ్డలకు చూపుడు. భూగోళ శాస్త్రములో మొదటి పాఠము అదియే.