ఇంటి గోడకు పట్టే బూజు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను. అందుచేత గోడకు పట్టే బూజు గురించి మాత్రమే మనవి చేస్తాను. సాలెపురుగు కట్టే బూజు కాదు. చెమ్మ తగిలినచోట, బీరువా వెనకాల నల్లగా, పచ్చగా లేచేది. ఉర్దూలో ఫఫూందీ అంటాం. ఇదీ ఒక విషయమేనా అని నవ్వకండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిన సంగతి మీలో చాలామంది అనుభవించినదే. నీరు రోజుల తరబడి ఇళ్ళలో నిలిచింది. ఫైరింజన్లు వచ్చి బురద కడిగాయి. బురద పోయింది గాని గోడ తాగిన నీరు పోలేదు. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉండేవే. చెక్క, కాగితం, దూది, దుమ్ము దానికి తిండి. కావలసిందల్లా చెమ్మ.

నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. ఆ చలికాలంలో మా అమ్మాయి నిఖా. చుట్టాలొస్తారు, గోడ అసహ్యంగా ఉందని నల్లమచ్చల మీదనే పుట్టీ పెట్టించి ఆయిల్ పెయింటు వేయించాను. పెళ్ళినాటికి ఇల్లు మెరిసింది. రెండు నెలలు తిరక్కుండా పెయింటు బుడగలు లేచి ఊడింది. వెనక బూజు మునుపటికన్నా దట్టం. ఆ గదిలో పడుకునే మనవడికి ఉబ్బసం. రాత్రుళ్ళు పిల్లికూతలు. డాక్టరుగారు మందు రాస్తూ "ఇంట్లో చెమ్మ ఉందా?" అని అడిగారు. మా ఆవిడ నెల రోజులుగా ఆ మాటే అంటోంది. నేనే వినలేదు.

యూదుల లేవీయకాండంలో కూడా ఇంటి గోడకు మచ్చ వస్తే ఏం చెయ్యాలో ఉంది. ఏడు రోజులు ఇల్లు మూసి చూడాలి. మచ్చ పాకితే ఆ రాళ్ళు తీసేసి, గోడ గీకి, కొత్తగా పూత పెట్టాలి. మచ్చమీద పూయమని అక్కడా లేదు!

కాబట్టి ముందు నీరెక్కడినుంచి వస్తోందో చూడండి. డాబా కారుతోందా, బాత్‌రూము పైపా, లేక నేల చెమ్మా? మన డెల్టాలో నీరు పైపైనే ఉంటుంది; పునాదిమీద డి.పి.సి. లేని పాత ఇళ్ళలో ఇటుక దాన్ని పైకి పీలుస్తుంది. గోడమీద తెల్లపొడి లేస్తే నీటిచుక్క వేసి చూడండి. కరిగితే అది ఉప్పు, బూజు కాదు. బూజైతే ముక్కుకి గుడ్డ కట్టుకుని, కిటికీలు తెరిచి, తడిపి, సబ్బునీళ్ళతో రుద్దాలి. పొడిగా దులిపితే ఇల్లంతా పరుచుకుంటుంది. బ్లీచింగ్ పౌడరు వాడేవారు బాత్‌రూము యాసిడ్‌ని దాంతో కలపకూడదు, విషవాయువు వస్తుంది. గోడ పూర్తిగా ఆరాక సున్నం వెయ్యండి. వరదలో నానిన దూదిపరుపు జహేజ్‌లో వచ్చినదైనా సరే, పారెయ్యక తప్పదు.

ఇక అసలు సంగతి. ఘోషా అని వీధి కిటికీలు ఏడాది పొడుగునా మూసేస్తాం. లోపల వంట ఆవిరి, వానాకాలంలో తాడుమీద తడిబట్టలు. మనం షాపులకీ ఆఫీసులకీ పోతాం. ఆ గాలి పీల్చేది ఆడవాళ్ళూ, పసిపిల్లలూ. ఘోషా మనుషులకేగాని గాలికి కాదు కదా! తలెత్తున జాలీయో వెంటిలేటరో పెట్టించండి. బీరువాను గోడకి జానెడు ఎడంగా జరపండి.

అద్దె ఇళ్ళవారి కష్టం వేరు. పైపు బాగుచేయించమని ఒంటరి ఆడమనిషి అడిగితే ఇంటి ఓనరు వినడు. కమిటీ పెద్దలు ఇద్దరు వెళ్ళి అడిగితే వింటాడు. ఆ పని ఈ వానలకు ముందే మొదలుపెట్టమని కోరుతున్నాను. గోడలు ఆరబెట్టడానికి సంఘం తరఫున రెండు పెడస్టల్ ఫ్యాన్లు కొని ఉంచితే, ఒకదాని ఖర్చు నేను ఇస్తాను.

సెలవు. ఖుదా హాఫిజ్.