తూటా గీసిన పటం



రేడియో వింటూనే ఒక చిన్న పని చెయ్యండి. కుడిచెయ్యి బారుగా చాచి బొటనవేలి గోరు కేసి చూడండి. గోరు మీది గీతలు కూడా కనిపిస్తాయి. ఇప్పుడు చూపు అక్కణ్ణుంచి కదపకుండా, పక్క గోడనున్న క్యాలెండరులో తారీఖు చదవండి. క్యాలెండరు ఉందని తెలుస్తుంది కానీ అంకెలు అందవు. ఏ క్షణానికా క్షణం మనకు బాగా స్పష్టంగా కనిపించేది ఇంచుమించు ఆ గోరంత మేరే. మిగతాదంతా కన్ను గబగబా అటూ ఇటూ తిరుగుతూ పోగుచేసుకొస్తుంది.

మరి ఆ కాస్త మేరకి మెదడులో ఎంత చోటు ఉంది? ఈ ప్రశ్నకి మొదట్లో జవాబు వెతికినవాళ్ళలో తత్సుజీ ఇనొయే అనే జపాన్ కంటి డాక్టరు ఒకరు.

1904, 1905 సంవత్సరాల్లో రష్యాకీ జపాన్‌కీ యుద్ధం జరిగింది. అప్పటికి ఇనొయే ఇరవైల్లో ఉన్న కుర్రాడు. ఆయనకి అప్పగించింది పరిశోధన పని కాదు. తలకు తూటా తగిలి చూపు దెబ్బతిన్న సైనికుల్ని పరీక్షించి, ఎవరికి ఎంత చూపు పోయిందో తేల్చాలి. దాన్ని బట్టి పింఛను. కాగితం నింపి సంతకం పెట్టి ఊరుకున్నా అడిగేవాళ్ళు లేరు.

ఆయన ఊరుకోలేదు. రష్యన్ల కొత్త తుపాకీ తూటా సన్నది, వేగం ఎక్కువ. పాత తూటాల్లా పుర్రెను ముక్కలు చెయ్యకుండా, ఒక పక్కనుంచి దూరి ఇంకో పక్కకి తిన్నగా వెళ్ళిపోయేది. అందుకే తలలోంచి తూటా దూసుకుపోయినా కొందరు బతికి బయటపడ్డారు. దూరిన గాయం ఒకటి, బయటికొచ్చిన గాయం ఒకటి. రెంటినీ కలిపి గీత గీస్తే లోపల ఏ భాగం దెబ్బతిన్నదో తెలియాలి. ఆ కొలతల కోసం ఇనొయే తలకు అమర్చే పరికరం ఒకటి సొంతంగా తయారుచేసుకున్నాడు. తర్వాత ఒక్కో సైనికుణ్ణి కూర్చోబెట్టి, ఎదురుగా చుక్క కేసి చూడమని, ఏ దిక్కున కనిపిస్తోందో ఏ దిక్కున కనిపించడం లేదో ఓపిగ్గా రాసుకున్నాడు. నీటికాసుల వ్యాధి ఉన్నవాళ్ళకి కంటి ఆసుపత్రుల్లో ఫీల్డ్ టెస్ట్ అని చేస్తారే, దాదాపు అలాంటిదే.

అలా 29 మందిని పరీక్షించి 1909లో జర్మన్ భాషలో పుస్తకం అచ్చువేశాడు. అందులో ఆయన గీసిన పటం చెప్పేది ఇదీ. మన చూపు చేరే చోటు పెడతల లోపల ఉంది. అక్కడ లోకం తలకిందులుగా పరుచుకుని ఉంటుంది: పైన కనిపించేది కింది అంచున, కింద కనిపించేది పై అంచున. ఎడమ పక్కది కుడి మెదడులో, కుడి పక్కది ఎడమ మెదడులో. చూపు నడిమి భాగానికి దాని పరిమాణానికి మించిన చోటు, అదీ అన్నిటికంటే వెనక. ఇదంతా కన్ను పోగొట్టుకోకుండానే చూపు పోగొట్టుకున్న ఆ సైనికులు చెప్పిన సాక్ష్యం. వాళ్ళని తలుచుకోకుండా ఈ కథ చెప్పడానికి నాకు మనసొప్పదు.

నడిమి చూపుకి చోటెంతో 1991లో హోర్టన్, హోయిట్ అనే ఇద్దరు డాక్టర్లు ఎమ్మారై బొమ్మలతో సరిచూశారు. చాచిన చేతుల్లో రెండు పిడికిళ్ళు పక్కపక్కన పెడితే ఎంత మేర కప్పుతాయో, సుమారు అంత మేరకే ఆ పటంలో సగానికి పైగా చోటు దక్కిందని తేలింది.

అదే ఏడాది ఇంకో పెద్ద మలుపు. అమెరికాలో బెల్ లేబరేటరీస్‌లో పనిచేస్తున్న సేజీ ఒగావా అప్పటికే ఒక సంగతి పట్టుకున్నారు. ప్రాణవాయువు వదిలేసిన రక్తం బలహీనమైన అయస్కాంతంలా ప్రవర్తించి ఎమ్మారై బొమ్మని మసకబారుస్తుంది. మెదడులో ఏ భాగం పనిలో పడితే అక్కడికి తాజా రక్తం అవసరానికి మించి వస్తుంది, మసక తగ్గుతుంది. బోస్టన్‌లో కెన్నెత్ క్వాంగ్, ఆయన తోటివాళ్ళు మనుషుల కళ్ళకి మిణుకుమిణుకుమనే దీపాల కళ్ళజోడు పెట్టి చూశారు. పెడతలలో సంకేతం రెండు శాతం దాకా పెరిగింది. అంతే! సూది లేదు, మందు లేదు. ఎక్కడ వెతకాలో ఎనభై ఏళ్ళ కిందటి పటం చెప్పనే చెప్పింది.

ఇప్పుడు మెదడు బొమ్మలు తీసే ఈ రంగంలోకి వచ్చే కొత్త విద్యార్థి తరచు మొదట నేర్చుకునేది ఆ పటం గియ్యడమే. చాలాసార్లు తన మెదడు మీదే. ఉంగరం, గొలుసు, తలపిన్నులు, తాళంచెవులు, అన్నీ తీసి బయట పెట్టాలి. ఎమ్మారై గొట్టంలో వెల్లకిలా పడుకుంటే తల చుట్టూ దిండ్లు కుక్కుతారు. చెవుల్లో దూది లాంటి బిరడాలున్నా యంత్రం ఠకఠకలు వినబడుతూనే ఉంటాయి. మొహం మీద చిన్న అద్దం, అందులో తెర, తెర మీద నలుపు తెలుపు గళ్ళు గడియారం ముల్లులా తిరుగుతుంటాయి. నడిమి చుక్క మీంచి చూపు కదపకూడదు, తల అసలే కదపకూడదు. రెండు మిల్లీమీటర్లు కదిలితే ఆ కొలత పాడైపోవచ్చు. మెదడు కణాలు సెకనులో పదో వంతు లోపే స్పందిస్తాయి. రక్తం పొంగు పూర్తిగా ఎక్కడానికి ఐదారు సెకన్లు పడుతుంది. ఆ వెనకబాటుని లెక్కగట్టి సరిచెయ్యడానికి వారాల తరబడి కంప్యూటరు ముందు కూర్చోవాలి. చివరికి రంగుల్లో ఆ తలకిందుల లోకం తేలినప్పుడు, అది తన తలలోదే అయినప్పుడు, ఆ కష్టం కష్టమనిపించదు.

మన ఇళ్ళలో పిల్లలు ఇంటర్‌కి వచ్చేసరికి బైపీసీ అంటే డాక్టరు, ఎంపీసీ అంటే ఇంజనీరు అని విడదీసేస్తాం. ఈ పనికి రెండూ కావాలి. అయస్కాంతం భౌతికశాస్త్రం, రక్తం జీవశాస్త్రం, లెక్క కంప్యూటరుది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మెదడు, మనసుల అధ్యయనానికి ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉంది. మీ ఇంట్లో ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకోలేక సతమతమవుతున్న పిల్లలుంటే, వాళ్ళకి ఈ రెండు పేర్లూ చెప్పండి.