నెల్లూరు పార్కుకు పోయొచ్చినాం

అప్పులు, వాయిదాల లెక్కలు నివేదికలో ఉండాయి. మేము వేరే సంగతి చెప్తాం.

ఈ ఏడు మా సంఘం వాళ్లం కుటుంబాలతో నెల్లూరు చిల్డ్రన్స్ పార్కుకు పోయొచ్చినాం. సంఘం డబ్బు ముట్టుకోలేదు, ఏ ఇంటి బస్సు చార్జీ ఆ ఇంటిదే. అయినా "వాయిదాలు కట్టుకునేవాళ్లకు పార్కులెందుకు?" అన్నారు. పక్కనే సోమశిల డ్యాం ఉండాది కదా, ఆడికి పోండి అన్నారు. డ్యాం మాకు కొత్తా? నెల్లూరంటే మాకు ఇన్నాళ్లూ ఆసుపత్రి పనే. పనేమీ లేకుండా ఒక పూట కూర్చోవాలని మా కోరిక.

ఒక షరతు పెట్టినాం. పులిహోర, పెరుగన్నం మేము చేసి తెస్తాం, వడ్డించేది మగవాళ్లు. మొదట సిగ్గుపడినారు. ఒకాయన అందరికీ పెట్టి, తనకు చాలక పిల్లల డబ్బాలో మిగిలింది తిన్నాడు. "ఆడోళ్లు రోజూ ఇట్లనే తింటారామే?" అని భార్యను అడిగినాడు. ఆమె జవాబు చెప్పకుండా పోయి ఉయ్యాల ఎక్కింది.

మన జిల్లాలోనే, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడితే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. రోజుకు రూపాయి పొదుపు ఊరూరా పాకింది ఆ ఊపుతోనే. వాళ్లు సారా కొట్టుకు పోయే కూలిడబ్బు ఇంటికి రావాలన్నారు. మేము ఏడాదికి ఒక పూట అడుగుతున్నాం.

వచ్చే ఏటి కార్యక్రమాల్లో ఈ ప్రయాణం కూడా రాయండి. ఆ రోజు బర్రెల పాలు పితకడానికి సంఘాల మధ్య వంతులు వేయండి. మొన్న మాలో ఇద్దరు అందుకే రాలేకపోయినారు.