నెలకోసారి కదిలే కారు - దాని బ్యాటరీ



మీ వీధిలోనో, మీ బంధువుల ఇంటి ఆవరణలోనో టార్పాలిన్ కప్పుకుని నిలబడిన పాత అంబాసిడర్ కారును మీరు చూసే ఉంటారు. ఏ పెళ్ళికో పండగకో దాన్ని బయటికి తీస్తారు. ముందురోజు సాయంత్రం శుభ్రంగా కడిగి, తుడిచి, పసుపు కుంకుమలు కూడా పెడతారు. తెల్లవారి తాళంచెవి తిప్పితే టిక్కుమని ఒక చప్పుడు వస్తుంది. అంతే. ఇంజను కదలదు. ఇంట్లో పిల్లలందరినీ పిలిచి వెనకనుంచి తోయిస్తారు. "హెడ్‌లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి కదా, బ్యాటరీలో లోపమేమీ లేదు" అని కారు యజమాని గట్టిగా చెబుతూనే ఉంటారు. లైట్లు వెలుగుతున్న మాట నిజమే. బ్యాటరీలో లోపం లేదన్న మాట నిజం కాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమో మీ ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంతోనే తేల్చవచ్చు.

అంబాసిడర్ తయారీ 1957లో మొదలై, 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో ఆగిపోయింది. కాబట్టి ఇవాళ ఎక్కడ ఏ అంబాసిడర్ కనిపించినా అది పాత కారే. మా ఇంట్లో ఉన్నది మా పెదనాన్నగారిది, 1970ల నాటిది. ఆయన పోయాక నా చేతికి వచ్చింది. నెలకు ఒకసారి బయటికి తీయడం కూడా కష్టమే. ఏళ్ళ తరబడి విద్యుచ్ఛక్తి పాఠాలు చెప్పిన నేను ఈ కారుకు అయిదేళ్ళలో మూడు బ్యాటరీలు పాడుచేశాను. ఈ ప్రసంగంలో చాలా భాగం ఆ మూడు బ్యాటరీలు నేర్పిన పాఠమే.

ముందు బ్యాటరీ లోపలికి వెళదాం. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో సీసం-ఆమ్ల ఘటాన్ని తయారుచేశాడు. మౌలికంగా నేటికీ అదే నడుస్తోంది. ఒక పలకపై మెత్తని, రంధ్రాలున్న సీసం, రెండో పలకపై సీసం డైఆక్సైడ్, వాటి మధ్య సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఒక్కో ఘటం సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు ఘటాలను శ్రేణిలో కలిపితే 12.6 వోల్టులు. మనం '12 వోల్టుల బ్యాటరీ' అనేది దీన్నే. విద్యుత్తు తీసుకుంటున్నప్పుడు రెండు పలకల మీదా సీసం సల్ఫేట్ ఏర్పడుతుంది. ఆమ్లం ఖర్చయి నీరు పుడుతుంది. అందుకే ఛార్జి దిగేకొద్దీ ద్రవం పలచబడుతుంది. నిండా ఛార్జి ఉన్నప్పుడు ద్రవం విశిష్ట గురుత్వం 1.26 ప్రాంతంలో ఉంటే, పూర్తిగా దిగిపోయాక 1.12 దగ్గరకు వస్తుంది. మెకానిక్ రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టంతో ద్రవాన్ని పీల్చి చూసేది ఇదే. ఛార్జి చేస్తే చర్య వెనక్కి నడుస్తుంది, సల్ఫేట్ మళ్ళీ సీసంగానూ డైఆక్సైడ్‌గానూ మారుతుంది.

అయితే వెనక్కి నడవడానికి ఒక షరతు ఉంది. అప్పుడే ఏర్పడిన సీసం సల్ఫేట్ చాలా సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. దాన్ని వారాల తరబడి అలాగే వదిలేస్తే చిన్న స్ఫటికాలు కరిగి పెద్దవాటి మీద పేరుకుంటాయి. పంచదార చెంచాతో తిప్పగానే నీళ్ళలో కరుగుతుంది. పటికబెల్లం గడ్డ అయితే ఎంత తిప్పినా గ్లాసు అడుగునే ఉంటుంది. రెండూ ఒకే పదార్థం. తేడా అంతా స్ఫటికం పరిమాణంలో, ద్రవానికి తగిలే ఉపరితల వైశాల్యంలో ఉంది. పలకల మీద సల్ఫేట్ 'పటికబెల్లం'గా మారితే మామూలు ఛార్జింగుకు లొంగదు. దీన్నే సల్ఫేషన్ అంటారు. అరకొర ఛార్జితో నిలబెట్టిన కార్లలో బ్యాటరీలను చంపేది ముఖ్యంగా ఇదే.

ఇప్పుడు ఆ 'టిక్కు' సంగతి. బాగున్న బ్యాటరీ అంతర్నిరోధం 0.01 ఓమ్ అనుకుందాం. స్టార్టర్ మోటారు తిరగడానికి సుమారు 150 ఆంపియర్లు కావాలి. ఓమ్ నియమం ప్రకారం లోపలే పోయేది 1.5 వోల్టులు. మోటారుకు ఇంకా 11 వోల్టులు మిగులుతాయి. సల్ఫేషన్ పట్టి అంతర్నిరోధం 0.04 ఓమ్ అయిందనుకోండి. అదే 150 ఆంపియర్లు లాగాలంటే లోపలే 6 వోల్టులు పోవాలి. మిగిలిన దానితో మోటారు తిరగదు. స్విచ్చి ఒకసారి లాగి వదిలేస్తుంది, మనకు చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మరి హెడ్‌లైట్లు? 45 వాట్ల బల్బులు రెండు కలిపి ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటాయి. దాన్ని 0.04తో గుణిస్తే 0.3 వోల్టు. ఆ తగ్గుదలను కన్ను పట్టుకోలేదు. లైట్లు చూసి బ్యాటరీ ఆరోగ్యం చెప్పడమంటే, నడిచే మనిషిని చూసి బస్తా మోయగలడని చెప్పడం లాంటిది.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెబుతాను. "ప్రతి ఆదివారం అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి వదలండి మాస్టారూ, బ్యాటరీ బతుకుతుంది" అని అందరూ చెప్పారు. నేనూ నమ్మాను. లెక్క వేసి ఉంటే నమ్మేవాణ్ణి కాదు. స్టార్టర్ 150 ఆంపియర్ల చొప్పున 3 సెకన్లు తిరిగితే 450 కూలుంబులు. 3600తో భాగిస్తే 0.125 ఆంపియర్-గంట. నా బ్యాటరీ సామర్థ్యం 60 ఆంపియర్-గంటలు. అంటే స్టార్ట్ చేయడం వల్ల పోయేది నిజానికి చాలా తక్కువ. పోయింది తిరిగి రావాలి కదా, చిక్కు అక్కడుంది. మా కారులో ఉన్నది నేటి కార్లలోని ఆల్టర్నేటర్ కాదు, డైనమో. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో పుట్టించే వోల్టేజి బ్యాటరీ వోల్టేజిని మించదు. కరెంటు వెనక్కి పారకుండా కటౌట్ రిలే తలుపు మూసే ఉంచుతుంది. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. ఆ దీపం ప్రతి ఆదివారం నా కళ్ళెదుటే వెలిగింది, నేను పట్టించుకోలేదు. ఆ అయిదు నిమిషాలూ ఇగ్నిషన్ కాయిల్ సుమారు 3 ఆంపియర్లు బ్యాటరీ నుంచే తీసుకుంటుంది. అది మరో 0.25. మొత్తం 0.375. నాలుగు ఆదివారాలకు 1.5 ఆంపియర్-గంటలు నేనే ఖర్చుచేశాను, తిరిగి ఇచ్చింది సున్నా. పైగా ఇంజను పూర్తిగా వేడెక్కక సైలెన్సరులోనూ ఆయిలులోనూ నీటి తేమ చేరుతుంది. తీస్తే అరగంటో, ముప్పావుగంటో రోడ్డు మీద నడపాలి. లేదా అసలు ముట్టుకోకూడదు.

ముట్టుకోకపోయినా బ్యాటరీ ఊరకే ఉండదు. లోపలి చర్యల వల్ల తనంతట తానే ఛార్జి కోల్పోతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నెలకు 5 శాతం అనుకుంటే 60లో 3 ఆంపియర్-గంటలు. అంటే 24 సార్లు స్టార్ట్ చేసేంత! ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఈ వేగం రెట్టింపవుతుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో రేకుల షెడ్డు కింద నిలిపిన కారు సంగతి మీరే ఊహించండి. కేబుల్ ఊడదీస్తే ఛార్జి అంతా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. కేబుల్ తీయడం వల్ల ఆగేది కారులోని వాడకం మాత్రమే. డిక్కీలో 5 వాట్ల దీపం ఆరకుండా ఉండిపోతే, నిండు బ్యాటరీ కూడా ఆరు రోజుల్లో ఖాళీ అవుతుంది కాబట్టి కేబుల్ తీయడం మంచిదే. స్వయంగా దిగే ఛార్జి మాత్రం దానివల్ల ఆగదు. 'సిమెంటు నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుంది' అన్న మాట కూడా వింటుంటాం. నేటి ప్లాస్టిక్ పెట్టెలకు అది వర్తించదు.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ఏం చూడాలి? అన్నిటికంటే ముందు ఇంట్లోనే టేపుతో ట్రే పొడవు వెడల్పులు కొలుచుకోండి. ధన, రుణ టెర్మినళ్ళు ఏ పక్కన ఉండాలో కాగితం మీద గీసుకోండి. కేబుల్ అందక మనుషులు చేసే సాహసాలు ప్రమాదకరం. 1960ల దాకా వచ్చిన బ్రిటిష్ కార్లు చాలావాటిలో రుణధ్రువానికి బదులు ధనధ్రువాన్ని కారు బాడీకి కలిపేవారు. కొన్ని పాత కార్లు 6 వోల్టులవి. అలాంటి కారుకు అలవాటు ప్రకారం బిగిస్తే రేడియో వంటివి కాలిపోతాయి. పెద్ద బ్యాటరీ వేస్తే ఎక్కువ రోజులు వస్తుందన్న ఆశ కూడా వద్దు. 20 ఆంపియర్లకు అటూ ఇటూ మాత్రమే ఇవ్వగల పాత డైనమో దాన్ని నింపలేదు. డబ్బా మీద 'కోల్డ్ క్రాంకింగ్' ఆంపియర్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది సున్నాకు 18 డిగ్రీల దిగువన చేసే పరీక్ష. మన ఊళ్ళలో దానికంటే తయారీ తేదీ ముఖ్యం. దుకాణం అరలో ఏడాది కూర్చున్న బ్యాటరీకీ, షెడ్డులో కూర్చున్న దానికీ వచ్చే జబ్బు ఒకటే.

రకాల్లో నా ఎంపిక చెబుతాను. పలకల మిశ్రమంలో కాల్షియం వాడినవి ఆంటిమొనీ ఎక్కువగా ఉన్నవాటికంటే నెమ్మదిగా ఛార్జి కోల్పోతాయి. అందులోనూ మూతలు తీయడానికి వీలున్నది దొరికితే అదే మేలు, ఎందుకంటే ద్రవాన్ని కొలవవచ్చు. ఏజీఎం రకంలో ఆమ్లం గాజునూలు చాపలో ఇంకి ఉంటుంది, ఒలకదు, ఛార్జి కూడా బాగా నిలుపుతుంది. కాని అతిఛార్జిని ఓర్చుకోదు. పాత రెగ్యులేటరు అదుపు తప్పి 15 వోల్టులు పంపితే అది త్వరగా పాడైపోతుంది. ఇంజను వేగం పెంచి టెర్మినళ్ళ దగ్గర మీటరు పెట్టి చూడకుండా ఏజీఎం కొనకండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తేలిక, మన్నిక. కాని డైనమో కారుకు దాన్ని జతచేయడం నాకు అనవసరపు ఖర్చుగా కనిపిస్తుంది.

ఇక పోషణ. మంచి మల్టీమీటరు ఒకటి చాలు. కారు కనీసం ఒక రాత్రంతా కదలకుండా ఉన్నాక కొలవండి. 12.6 వోల్టులు లేదా పైన ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12.4కు రాగానే ఛార్జి చేయాలి, ఆదివారం వచ్చేదాకా ఆగనక్కరలేదు. కరెంటు సామర్థ్యంలో పదో వంతు, అంటే 60కి 6 ఆంపియర్లు మించకూడదు. తనంతట తాను తగ్గి 13.5 వోల్టుల దగ్గర నిలిచే ఫ్లోట్ ఛార్జరు దొరికితే నెలల తరబడి తగిలించి ఉంచవచ్చు. ఎండాకాలంలో ఆ వోల్టేజి ఇంకా కొద్దిగా తగ్గాలి, 40 డిగ్రీలకు 13.2 సరిపోతుంది. మంచి ఛార్జర్లు ఈ సవరణ వాటంతట అవే చేసుకుంటాయి. గ్యారేజీల్లో ఉండే పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరును రోజుల తరబడి వదిలేయడం మాత్రం వద్దు. నా మూడో బ్యాటరీ అలాగే లోపలి నీళ్ళన్నీ ఆవిరై పోయింది.

నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. తగ్గింది నీరే, ఆమ్లం లోపలే ఉంది. కాబట్టి ఆమ్లం పోయకూడదు. బోరు నీళ్ళలోని లవణాలు పలకలకు విషం. టెర్మినళ్ళ మీద పట్టిన తెల్లని, పచ్చని పొడిని వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, తుడిచి, వాజెలిన్ రాయండి. సోడా నీళ్ళు మూతల లోపలికి వెళ్ళకుండా చూడండి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఛార్జి అవుతున్నప్పుడు, ముఖ్యంగా చివర్లో, హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు వెలువడతాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం ఉన్నా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మా ఇంట్లో ఒకసారి ఛార్జరు ఆపకుండానే క్లిప్పు లాగాను. ఠప్పున శబ్దం, ఒక మూత ఎగిరిపోయింది. కళ్ళజోడు ఉండబట్టి సరిపోయింది. చొక్కా బాగానే ఉందనుకున్నాను. ఉతికి ఆరేశాక చూస్తే జల్లెడలా చిల్లులు! అప్పటినుంచి ముందు ఛార్జరు స్విచ్చి ఆపి, తర్వాతే క్లిప్పులు తీస్తున్నాను. కిటికీలు తెరిచి ఉంచుతాను. బాడీకి కలిపిన కేబుల్‌నే మొదట విప్పుతాను, చివరగా బిగిస్తాను. అలా అయితే స్పానరు పొరపాటున బాడీకి తగిలినా షార్ట్ కాదు. ఆమ్లం కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీళ్ళతో కనీసం పావుగంట కడిగి, ఆసుపత్రికి వెళ్ళాలి. మీలో స్కూలు పిల్లలు ఎవరైనా పెద్దవాళ్ళు పక్కన లేకుండా బ్యాటరీ మూతలు తీయకండి.

పాడైన బ్యాటరీని ఏం చేయాలి? దాని బరువులో ఎక్కువ భాగం సీసం, సీసం సమ్మేళనాలే. పాత ఇనుప సామాన్ల బండికి వేస్తే, ఎక్కడో ఒక పెరట్లో పగలగొట్టి, ఆమ్లాన్ని కాలువలో పారబోసి, సీసాన్ని పొయ్యి మీద కరిగిస్తారు. ఆ పొగ, ఆ ధూళి చుట్టుపక్కల పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. మన దేశంలో వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించడానికి 2001లోనే నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చి, ధరలో తగ్గింపు అడిగి, రసీదు మీద ఆ సంగతి రాయించుకోండి.

మీకొక పని అప్పగిస్తాను. మీకు తెలిసినవారింట్లో నిలిచి ఉన్న కారో, స్కూటరో ఉంటే, అడిగి, ప్రతి శనివారం పొద్దున ఒకే సమయానికి బ్యాటరీ వోల్టేజిని రెండు దశాంశ స్థానాల వరకు కొలవండి. పక్కనే ఆ రోజు ఉష్ణోగ్రత రాయండి. జనవరిలో నాలుగు వారాలు, ఏప్రిల్‌లో నాలుగు వారాలు. ప్రతి నెలా మొదటి కొలతకు ముందు నిండా ఛార్జి చేయించి, కేబుల్ విప్పి ఉంచి, ఒక రోజు విశ్రాంతి ఇవ్వడం మరవకండి. రెండు గీతలనూ ఒకే గ్రాఫు కాగితం మీద గీసి, ఏ గీత ఎంత ఏటవాలుగా ఉందో మీ సైన్సు మాస్టారికి చూపించండి.