చెత్త ఊరిది, చెయ్యి వాడదా?

(మండల కార్యకర్తల తరగతుల్లో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్లో ప్లాస్టిక్ ఏరి, వేరుచేసి, అమ్మి, ఊరు బాగుచేద్దాం రమ్మని ఈమధ్య మన సంఘాలను చాలామంది పిలుస్తున్నారు. పోవాలా వద్దా అని మీరు అడుగుతున్నారు. మేం పోయాం. ఏమయిందో ముందు వినండి.

ఆదివారం పొద్దున్నే ఊరంతా శ్రమదానం అన్నారు. మాకూ ఉత్సాహంగానే వుండింది. మొదటి వారం పెద్దబజారు జనం కూడా వచ్చారు. చేతులకు తొడుగులు, మెడలో కండువాలు, ఫోటోలు. రెండో వారానికి సగం మంది. నెల తిరిగేసరికి మిగిలింది మన వాడ పిల్లలే. ఈలోపు ఊరికి అలవాటు పడింది. సంచి తెచ్చివ్వడం మానేసి గుమ్మంలో నుంచే "ఒరే, చెత్త తీసుకుపోండ్రా" అని కేకెయ్యడం మొదలయింది. డిగ్రీ చదివే పిల్లాణ్ణి! మొదటి వారం వాలంటీర్, అయిదో వారం ఒరే.

మా వాడలో ఒక ముసలవ్వ మమ్మల్ని నిలబెట్టి అడిగింది. "ఏమయ్యా సారూ, మా మామ ఊరి గొడ్లు లాగాడు. నేను పెద్దింటోళ్ల కొట్టం వూడ్చా. నా మనవణ్ణి కాలేజీకి పంపింది మళ్లీ దీనికేనా?" మా దగ్గర జవాబు లేదు. ఆ వారమే పని ఆపేశాం.

1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ మనవాళ్లకు చెప్పిందేమిటి? చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి మెతుకులకు చెయ్యి చాపొద్దు అని. పాకీపని గొప్ప సేవ అని గాంధీ పొగిడితే, ఆ పొగడ్తతోనే ఒక కులాన్ని అదే పనికి కట్టేస్తారని 1945లో తన పుస్తకంలో తిప్పికొట్టారు. 2019లో వచ్చిన గ్రామ వాలంటీర్లకయినా నెలకు 5,000 గౌరవ వేతనం ఇచ్చారు. మన పిల్లలకు ఇచ్చింది కండువా. అదీ ఒక్కరోజుకే.

అయితే మానేసి ఇంట్లో కూర్చుందామా? కూర్చుంటే మనకే నష్టం. ఊరి చెత్త పోసేదెక్కడ? మన వాడ పక్కన వాగులో, మన శ్మశానం దారిలో. నిప్పు పెడితే పొగ వచ్చేది మన ఇళ్లలోకి. కవర్లు తిని పొట్ట ఉబ్బి చచ్చేది మన గేదె. షెడ్డు కట్టారు, 'చెత్త నుండి సంపద' అని గోడ మీద రాశారు, తాళం వేశారు.

సంపద సంగతి కూడా చెప్పుకుందాం. ఆశపడి దిగితే దెబ్బతింటారు. ధర పలికేవి ఇనుము, అట్టలు, బీరు సీసాలు, నీళ్ల సీసాలు. ఖాళీ లీటరు సీసా తూగేది ఇరవై గ్రాముల చిల్లర. కిలో కావాలంటే 40, 50 సీసాలు వంగి ఏరాలి. ఉల్లిగడ్డలిచ్చి పాత సామాన్లు తీసుకునే సైకిలు వాళ్లకు ఈ లెక్క మనకంటే ముందే తెలుసు. వాళ్లను ఎవరూ పర్యావరణ సేవకులని పిలవలేదు. చిప్స్ ప్యాకెట్, గుట్కా ప్యాకెట్, షాంపూ ప్యాకెట్ ఎవరూ కొనరు. అందులో పొరలు ఒకదానికొకటి అతికించి వుంటాయి, విడదీయడం కుదరదు. అది వెనక్కి తీసుకునే పూచీ తయారుచేసిన కంపెనీలది. 2016 ప్లాస్టిక్ నిబంధనల్లో ఆ మాట వుంది. ఆ నిబంధనలు పల్లెలకూ వర్తిస్తాయి, చెత్త ఏర్పాట్లు చూడాల్సింది పంచాయతీ. మన పిల్లల వీపు కాదు.

పేపరు గ్లాసు కూడా ఎవరూ కొనరు. చూడ్డానికి కాగితమే, లోపల ప్లాస్టిక్ పూత. అసలీ గ్లాసు మన ఊళ్లలోకి ఎట్లా వచ్చిందో గుర్తుందా? టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద మనం కొట్లాడాం. అప్పుడు చాలాచోట్ల ఏం చేశారు? మనకు వాడి పారేసే గ్లాసు, వాళ్లకు గాజు గ్లాసు. మనం తాగిన గ్లాసు కడగాల్సి వస్తుందని కదా! ఇప్పుడు ఆ గ్లాసులే వాగుకు అడ్డం పడుతున్నాయి, మళ్లీ మనల్నే ఏరమంటున్నారు. అందరికీ ఒకే గాజు గ్లాసు పెట్టి కడిగితే ఆ చెత్త సగం పుట్టదు. ఈ మాట పరిశుభ్రత మీటింగుల్లో ఎవరూ అనరు. మనమే అనాలి.

జపాన్‌లో, షికోకు దీవిలో కమికాట్సు అని కొండల మధ్య ఒక ఊరుంది. జనం కొద్దిమందే. చెత్త లేని ఊరు చేసుకుంటామని 2003లో ప్రకటించారు. అక్కడ చెత్తబండి ఇంటిముందుకు రాదు. ఎవరింటిది వాళ్లే కడిగి, ఆరబెట్టి, కేంద్రానికి మోసుకొచ్చి ఎన్నో రకాలుగా వేరుచేసి వేస్తారు. తడిచెత్త ఇంటి దగ్గరే ఎరువు. 80 శాతం దాకా మళ్లీ వాడకంలోకి పోతుంది. 2020కల్లా మొత్తం పోగొడతామన్నారు, అంతదాకా రాలేదు. జపాన్‌లోనూ బురాకుమిన్ అని తోలుపని, కసాయిపని చేసేవాళ్లను అంటరానివాళ్లుగా చూశారు. 1871లో ఆ అంతరాన్ని చట్టంలో రద్దుచేసినా వివక్ష పోలేదు. కాబట్టి అది స్వర్గమని మేం చెప్పడం లేదు. మాకు నచ్చింది ఒక్కటే. చెత్త చేసిన చెయ్యే దాన్ని కడుగుతోంది, మోస్తోంది.

మేం మళ్లీ మొదలుపెట్టింది ఆ పద్ధతిలోనే. మన పిల్లలు ఎవరి గుమ్మానికీ పోరు. ఆదివారం పొద్దున షెడ్డు తాళం తీస్తాం, ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. నడవలేని ముసలివాళ్లుంటే ఆ బజారు వాళ్లే చూసుకోవాలి. షెడ్డు దగ్గర వంతులు ఇళ్ల వరసన పడతాయి, పెద్దబజారు, చిన్నబజారు, వాడ తేడా లేదు. పత్తి చేల పురుగుమందు డబ్బాలు, సూదులు, పగిలిన గాజు అసలు ముట్టుకోం. దానికి తొడుగులు, జీతం ఇచ్చి పంచాయతీ మనిషిని పెట్టాలి. ఆ జీతం నెలనెలా రావాలి. అమ్మిన డబ్బు లెక్క గ్రామసభలో చదవాలి. ఈ షరతులు రాసి పంచాయతీలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాం. మీరూ సంతకం లేకుండా మొదలుపెట్టకండి.

పెద్దబజారులో కొంతమంది నవ్వారు. ఒకాయన సంచి తెచ్చి, షెడ్డు బయట విసిరేసి పోయాడు. ఎవరం ముట్టుకోలేదు. మూడు రోజులకు కుక్కలు లాగి వాళ్లింటి ముందుకే తెచ్చాయి. ఆ తర్వాతి ఆదివారం ఆయన కోడలు వచ్చింది, అట్టలు వేరుగా కట్టి తెచ్చింది. ఇప్పుడు ఆ బజారు నుంచి ఏడిళ్ల వాళ్లు వస్తున్నారు. వచ్చే ఆదివారం షెడ్డు వంతు వరసలో సర్పంచి గారి ఇంటిది. చీటీ ఇచ్చి వచ్చాం. వస్తారో రారో వచ్చే తరగతుల్లో చెబుతాం.

జై భీమ్.