కొండ దిగివచ్చే దేవుడు: అహోబిలం ఊరు, అడవి, దారి
(స్మారకోపన్యాసం)



మాస్టారు చరిత్ర పాఠాన్ని పటం దగ్గర మొదలుపెట్టేవారు. రాజు పేరు అడిగే ముందు ఏరు ఎటు పారుతుందో చెప్పమనేవారు. ఆయన పేరున జరిగే ఈ ఉపన్యాసాన్నీ అలాగే మొదలుపెడతాను.

నల్లమల కృష్ణ నుంచి పెన్న దాకా ఉత్తర దక్షిణాలుగా సాగే కొండల వరుస. పడమట కుందేరు లోయ, నల్లరేగడి, కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరి. తూర్పున గిద్దలూరు, కంభం సీమలు. ఈ రెంటినీ కలిపేవి కనుమలు. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నందికనుమ వాటిలో పేరున్నది. బాటసారులు ఆ పక్కగానే కొండ దాటారు, తర్వాత రైలూ ఆ పక్కగానే దాటింది. అహోబిలం అలాంటి కనుమ మీద లేదు. ఆళ్ళగడ్డ నుంచి దాదాపు పాతిక కిలోమీటర్లు పోతే దిగువ అహోబిలం, అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లకు ఎగువ అహోబిలం. అక్కడితో బండిదారి ఆగిపోతుంది. ఆపైన భవనాశి వాగు లోయ, చెంచుల కాలిబాటలు. ఎక్కడికో పోతూ ఈ ఊళ్ళో ఆగినవాళ్ళు ఉండరు. ఇక్కడికి వచ్చిన ప్రతివాడూ ఇక్కడికే వచ్చాడు. ఈ ఊరి చరిత్ర అర్థం కావాలంటే ముందు ఈ సంగతి మనసుకెక్కాలి.

ఇక రాయి. ఇక్కడి కొండలు కడప శిలాసముదాయానికి చెందినవి, వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాట. గట్టి క్వార్ట్‌జైట్ పొరల నడుమ మెత్తని పలకరాతి పొరలు ఉంటాయి. వానకూ వాగుకూ మెత్తనిది ముందు అరిగి, గట్టిది చూరులా ముందుకు పొడుచుకొని నిలుస్తుంది. జ్వాలా నరసింహుడి గుడి అలాంటి కొండచరియ కిందే ఉంది. ఎగువ గుడిలో అహోబిల నరసింహుడు గుహలో వెలిశాడు. పైన నిలువునా చీలి నిలిచిన బండే ఉగ్రస్తంభం. స్వామి వెలువడిన కంబం అదేనని భక్తుల విశ్వాసం. ఆ బండ ముందు నిలబడ్డప్పుడు భూగర్భశాస్త్రం చెప్పేదీ పురాణం చెప్పేదీ నాకు ఎన్నడూ పోట్లాడుకున్నట్టు అనిపించలేదు. రెండూ ఆ చీలిక ముందు ఆశ్చర్యపడిన మనుషుల మాటలే.

వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రం మీద పది పాశురాలు చెప్పాడు. అందులో మనకు కనిపించేది ఎండకు కాలిన బండలు, వెదురు పొదలు, వేటగాళ్ళ వాద్యాల మోత, దేవతలకు తప్ప చేరరాని చోటు. అంటే వెయ్యేళ్ళకు పూర్వమే ఈ ఊరికి రెండు గుర్తులు పడ్డాయి: దుర్గమమైన చోటు, అడవిమనుషుల చోటు. రెండో గుర్తును మన చరిత్రకారులు తొందరగా దాటేస్తారు. నేను దాటలేను. చెంచులు ఇక్కడ దేవుడికి అత్తింటివారు. చెంచులక్ష్మిని ఇచ్చి పెళ్ళి చేసినవారు. తేనె, తపసిబంక, గడ్డలు, వెదురు వారి బతుకు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి ఆ అడవిని సర్కారు అడవిగా గీత గీసినప్పుడు, అల్లుడి గుడి చుట్టూ ఉన్న నేల మీదే అత్తింటివారికి అనుమతి అవసరమైంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ హక్కుల్ని తిరిగి గుర్తిస్తానంది. కాగితం మీది హక్కు గూడేనికి చేరేదాకా ఆ మాట పూర్తయినట్టు కాదు.

రాజుల సంగతి క్లుప్తంగా చెబుతాను. అవి శాసనాల్లో భద్రంగా ఉన్నాయి, మీకూ తెలుసు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానంలోని ఎర్రాప్రగడ ఈ క్షేత్రం కథతో నృసింహపురాణం రాశాడు. ఒకరు కాళ్ళకు దారి వేస్తే మరొకరు తెలుగుకు దారి వేశారు. కళింగ దండయాత్ర సాగుతున్న రోజుల్లో, 1515లో, శ్రీకృష్ణదేవరాయలు వచ్చి కంఠహారం, పతకం, కెంపుల కడియాలు, బంగారు పళ్ళెం, వెయ్యి వరాహాలు సమర్పించాడు. 1579 ప్రాంతంలో గోల్కొండ సేనలు హండె నాయకుల తోడుతో ఊరిని పట్టుకున్నాయి. ఐదారేళ్ళ తర్వాత అప్పటి అహోబిల మఠం జీయరు (పీఠాధిపతి) ప్రయత్నంతో, శ్రీరంగరాయల అనుమతితో కొండరాజు వెంకటరాజు దాన్ని విడిపించాడు. కల్నల్ మెకంజీ మనుషులు రాసుకున్న స్థానిక చరిత్రల్లో అహోబిలం కైఫీయతు కూడా ఉంది. చదవనివారు తప్పక చదవండి.

నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇప్పుడు చెబుతాను. దారి ఆగిపోయిన ఊరు ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచింది? కొండ మీద వరి పండదు. గుడికి నైవేద్యం, పల్లకి మోసే బోయీలకు కూలి, వచ్చినవారికి అన్నం మైదానం నుంచే రావాలి. మైదానం దానంతటది కొండెక్కదు. అందుకే దేవుడే కొండ దిగాడు.

1398 ప్రాంతంలో మేల్కోటె నుంచి వచ్చిన శ్రీనివాసాచార్యులు ఇక్కడ సన్న్యసించి ఆదివణ్ శఠగోప యతీంద్రులయ్యారు, అహోబిల మఠాన్ని స్థాపించారు. మఠం పీఠాధిపతులు మాలోల నరసింహుడి ఉత్సవమూర్తిని వెంటబెట్టుకొని దేశమంతా తిరుగుతారు. ఊరి చుట్టూ తిరిగే సంచారం మరొకటి ఉంది, అదే పారువేట. ఆ మొదటి జీయరే దాన్ని ఏర్పాటు చేశారని సంప్రదాయం చెబుతుంది. సంక్రాంతి వెళ్ళిన కనుమనాడు జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో బయలుదేరుతారు. చెంచులు బాణం వేసి సాగనంపుతారు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్ళు. ఫాల్గుణంలో జరగబోయే తన పెళ్ళికి స్వామే స్వయంగా పిలుపుకు వస్తున్నాడని జనం నమ్మకం. పల్లకి వచ్చేనాటికి ఇళ్ళకు సున్నాలు వేస్తారు, ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు. గుడికి రాలేని ముసలివారు, రానివ్వని రోజుల్లో గడప బయటే నిలబడ్డ కులాలవారు కూడా తమ ఊరి అరుగు మీదే స్వామిని చూశారు. ఆ ఊళ్ళలో ఓబులేసు, ఓబులమ్మ, ఓబుళరెడ్డి అనే పేర్లు ఎందుకు అన్ని ఉన్నాయో పల్లకి వెనక నడిస్తే తెలుస్తుంది.

ఇంత చేసింది ఒక భౌగోళిక అవసరం. ఆ అవసరాన్ని బంధుత్వంగా మలిచినవారి తెలివికి నేను చేతులెత్తి మొక్కుతాను. శిస్తు వసూలుకు వచ్చినవాడికి జనం తలుపు వేసుకుంటారు, పెళ్ళి పిలుపుకు వచ్చినవాడికి పీట వేస్తారు.

ఇప్పుడు ఎగువ గుడి దాకా బస్సు పోతుంది. వచ్చేవారు పెరిగారు, భవనాశిలో ప్లాస్టిక్ పెరిగింది. పారువేట మాత్రం నడుస్తూనే ఉంది. కానీ ఏ ఊళ్ళో మొదటి హారతి ఏ ఇంటిది, పల్లకి ఏ చేను గట్టున దిగుతుంది, బోయీల వంతులు ఎలా తిరుగుతాయి, లోయలోని మలుపులకు చెంచులు ఏ పేర్లు పెట్టుకున్నారు అనే వివరాలు ఎక్కువగా పెద్దవారి నోట్లోనే ఉన్నాయి. మాస్టారి నిధి నుంచి ఏటా కొంత సొమ్ము కేటాయించి, దారిలోని ప్రతి ఊరి బడిలో ఇద్దరు పిల్లల చేత ఈ వివరాలు రాయించాలని కమిటీ పెద్దలను కోరుతున్నాను. వచ్చే కనుమకే మొదలుపెట్టవచ్చు. మొదటి పుస్తకం చెంచుగూడెం పిల్లల చేతికి ఇవ్వండి.