ట్రావెల్ ట్రెయిలర్ బ్రేకుల సంరక్షణ

ఉత్తర అమెరికాలో పికప్ ట్రక్కుకు తగిలించి లాక్కుపోయే ఇంటి బండిని ట్రావెల్ ట్రెయిలర్ అంటారు. వీటిలో చాలావాటికి విద్యుత్తుతో పనిచేసే డ్రమ్ము బ్రేకులుంటాయి. డ్రైవరు దగ్గరి కంట్రోలరు 12 వోల్టుల కరెంటు పంపగానే చక్రంలోని విద్యుదయస్కాంతం, తిరుగుతున్న డ్రమ్ము ముఖానికి అతుక్కొని, దానితోపాటు కొంత జరిగి, ఒక మీటను కదిలించడం వల్ల బ్రేకు షూలు, అనగా రాపిడి పూత గల వంపు పలకలు, డ్రమ్మును లోపలి నుండి ఒత్తుతాయి.

ఈ ఏర్పాటులో అయస్కాంతం కూడా అరిగే వస్తువేనన్న సంగతి యజమానులు తరచు మరచిపోతారు. అది ఒక పక్కకే అరిగినా, లోపలి తీగచుట్ట బయటపడినా, ఇరుసుకు రెండువైపులా కలిపి మార్చాలి. లేకుంటే బండి ఒక పక్కకు లాగుతుంది. బేరింగుల గ్రీజు సీలు దాటి షూలను తడిపితే తుడిచి సరిపెట్టడం కుదరదు, షూలనే మార్చాలి. అందుకే బేరింగులకు గ్రీజు పెట్టడం, బ్రేకుల తనిఖీ అనే రెండు పనులనూ ఏడాదికి లేదా 12,000 మైళ్లకు, ఏది ముందయితే అప్పుడు, కలిపి చేయించడం ఆనవాయితీ.

షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం తనంతట తాను సర్దుకోని రకం బ్రేకులకు, చక్రాన్ని నేల నుండి లేపి, వెనుక పలకలోని రంధ్రం గుండా పళ్ల చక్రాన్ని తిప్పి, ట్రెయిలర్ చక్రం తిరగడం కష్టమయ్యేవరకు బిగించి, ఆపై స్వల్ప రాపిడి మిగిలేలా వదులు చేస్తారు. 10 అంగుళాల బ్రేకులో ఒక్కో అయస్కాంతం సుమారు 3 ఆంపియర్లు తీసుకోవాలి. అంతకు తగ్గితే తుప్పు పట్టిన తీగల అతుకులనూ ఎర్తింగునూ ముందు అనుమానించాలి. కొక్కెం ఊడినప్పుడు బ్రేకులు వేసే స్విచ్చు ట్రెయిలర్ సొంత బ్యాటరీపైనే ఆధారపడుతుంది కనుక ఆ బ్యాటరీ ఛార్జిని ప్రతి ప్రయాణానికి ముందూ చూడవలసి ఉంటుంది.